నలగకూడని దుప్పట్లు

మా పై అంతస్తులో ఉండే పద్మజ కూతురు స్నిగ్ధకు కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం వచ్చింది. పోటీ పరీక్షల కోచింగ్ కోసం ఇదే ఢిల్లీలో, కరోల్ బాగ్‌లో కిటికీ లేని గదిలో ఉండి ఏళ్ల తరబడి చదివిన పిల్ల. మొన్న మిఠాయి డబ్బా పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది గానీ మొహంలో కళే లేదు.

"ఏమే, ఉద్యోగం వచ్చినందుకు ఏడుపా?" అన్నాను.

"గ్రాంట్స్ సెక్షన్ ఇచ్చారు ఆంటీ. వహాఁ కామ్ హీ క్యా హై? ఏం పనుంటుంది అక్కడ? ఎన్జీవోల ఫైల్స్ వస్తాయి, సైన్ చేసి పంపేయడమే అంట."

సంతకం పెట్టి పంపేయడమేనట! నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లనని ఏం లాభం, చెప్పినవాళ్లు అలా చెప్పారు. నేను ఆ సెక్షన్‌లోనే జుట్టు నెరిపించుకున్నాను. రిటైరై, మయూర్ విహార్‌లో ఈ ఫ్లాట్ బాల్కనీలో కరివేపాకు పెంచుకుంటున్న ఈ రోజుకీ, అక్కడ చూసిన ఒక సంగతి గుర్తొస్తే చేతిలో పని ఆగిపోతుంది. స్నిగ్ధ కోసం, ఆమెలా కొత్తగా చేరేవాళ్ల కోసం అది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. అవి మా ఆయనకే గుర్తు లేవు.

ముందు ఆ పనేమిటో చెప్పాలి. దిక్కులేని ముసలివాళ్లకు ఆశ్రమాలు, పిల్లలకు వసతి గృహాలు వంటివన్నీ ప్రభుత్వం తనే నడపదు. బయటి సంస్థలకు డబ్బిచ్చి నడపమంటుంది. ఆ డబ్బే గ్రాంటు. ఎవరికివ్వాలి, దేనికివ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నది మా సెక్షన్ పని. ఇవ్వడం వచ్చినంత తేలిగ్గా ఆపడం ఎవరికీ రాదు. ఇస్తే సభ పెట్టి పొగుడుతారు. ఆపితే పై నుంచి ఫోన్లొస్తాయి.

సక్సేనా గారి ప్రశ్న

నా మొదటి పై అధికారి సక్సేనా గారు. ఎండాకాలం మొదలైనా మఫ్లర్ తీయని మనిషి. మొదటిసారి నన్ను తనిఖీకి తీసుకెళ్తూ, "బేటీ, వాళ్లు చూపించినవన్నీ చూడు. టీ ఇస్తే తాగు. ఆ తర్వాత బాత్‌రూమ్ ఎక్కడ అని అడుగు" అన్నారు.

హవ్వ, ఇదేం మాట అనుకున్నాను. పెద్దాయన కదా అని ఊరుకున్నాను. వెనక్కి వచ్చేటప్పుడు ఆయనే విడమరిచి చెప్పారు. హాల్లో మంచాలు ఎవరైనా వేయించగలరు, గోడకు బొమ్మలు ఎవరైనా తగిలించగలరు. మనుషులు నిజంగా ఉంటున్న ఇంట్లో బాత్‌రూమ్ నేల తడిగా ఉంటుంది, సబ్బు అరిగి ఉంటుంది, తీగ మీద చీర ఆరుతూ ఉంటుంది. ఇంతకు మించిన చదువు నాకు ఏ శిక్షణ సంస్థలోనూ దొరకలేదు.

మా పద్ధతులు మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. తనిఖీకి ఎప్పుడు వస్తున్నామో సంస్థకు ముందే ఉత్తరం రాస్తాం. ఎందుకయ్యా అంటే, కారు పంపేది వాళ్లు, భోజనం పెట్టేది వాళ్లు. తనిఖీ చేయించుకునేవాళ్ల కారులో వెళ్లి, వాళ్ల పూరీ కూర తిని, వాళ్లు కప్పిన శాలువాతో తిరిగి రావడాన్ని మా ఆఫీసులో మర్యాద అనేవారు. ఒకసారి నాకు కప్పిన శాలువా ఖరీదు మళ్లీ మా సెక్షన్‌కే బిల్లుగా వచ్చింది. ఏ పద్దు కింద అనుకున్నారు? వృద్ధుల పౌష్టికాహారం కింద! ఆ శాలువా వెనక్కి పంపాను. తప్పు తెలిసిందేమో అనుకుంటే, రంగు నచ్చలేదేమోనని ఇంకోటి పంపారు మహానుభావులు.

మూగామె మాట్లాడింది

ఇక అసలు రోజు. మార్చి నెల. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు మిగిలిన తనిఖీలన్నీ పూర్తి చేయాలి. ఉదయం నోయిడాలో ఒక వృద్ధాశ్రమం నాకు పడింది. మధ్యాహ్నం మయూర్ విహార్‌లో వేరే సంస్థవాళ్ల ఆశ్రమం, మా సహోద్యోగి రావత్‌కు పడింది.

నోయిడా సంస్థవాళ్లు కారు పంపుతామన్నారు. వద్దన్నాను. నిజాయితీ అనుకునేరు, అదేం కాదు. ఏసీ కారులో ఆ సెంటు వాసనకు నాకు వాంతులవుతాయి. మెట్రోలో వెళ్లి, అక్కడి నుంచి ఈ-రిక్షా ఎక్కాను.

ఆ ఇంటిని నడిపేవిడను అందరూ దీదీ అనేవారు. చేనేత చీర, పెద్ద బొట్టు, చేతులు పట్టుకుని మాట్లాడే అలవాటు. హాలు నిండా వరసగా మంచాలు, వాటి మీద తెల్లటి దుప్పట్లు. దుప్పట్ల మీద కొట్లో మడతపెట్టిన గీతలు ఇంకా పోలేదు. ముసలమ్మలందరూ మంచాల పక్కన నేల మీద కూర్చున్నారు.

"పైన కూర్చోరేం?" అన్నాను.

"వీళ్లకు నేలే అలవాటు మేడమ్. ఎంత చెప్పినా వినరు" అంది దీదీ నవ్వుతూ.

చివరి మంచం దగ్గర నల్లగా, సన్నగా, చెవులకు ఇత్తడి కమ్మలతో ఒక ముసలామె ఉంది. "ఈమె బిచారీ గూంగీ హై. పుట్టు మూగ" అని దీదీ ఆమె తల నిమిరింది. అంతలో మా ఆయన ఫోను. కుక్కరు మూత పట్టడం లేదట. "రబ్బరు తిప్పి వేయండి, అదీ నేనే చెప్పాలా?" అని విసుక్కుని పెట్టేశాను.

"తెనుగోలా అమ్మా?" అంది నా వెనక నుంచి ఒక గొంతు.

పుట్టు మూగ మాట్లాడింది! దీదీ నోరు తెరుచుకుని ఉండిపోయింది. మరుక్షణం తేరుకుని, "చమత్కార్! మహిమ మేడమ్, మీరు అడుగు పెట్టిన వేళ!" అని రెండు చేతులూ జోడించింది. హిందీ రాని ఆమెను మూగదానిగా జమకట్టేశారన్నమాట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆమె పేరు అప్పలనరసమ్మ. టెక్కలి దగ్గర ఊరు. "నీ మాట ఇనేసరికి పేణం లేచొచ్చినాది తల్లీ" అని నా చెయ్యి వదల్లేదు. ఇంకా ఏదో చెప్పబోయింది గానీ, దీదీ మమ్మల్ని విడదీసి భోజనానికి లాక్కుపోయింది. బాత్‌రూమ్ ఎక్కడ అని అడిగాను. తాళం వేసి ఉంది. ప్లంబర్ రావాలట. సరే, ఆ ముక్క రాసుకోవాలి అనుకుంటూ బయటపడ్డాను.

"నీకెంతిస్తారు?"

మెట్రో స్టేషన్‌కు వచ్చేసరికి రావత్ ఫోను. పార్లమెంటు ప్రశ్నకు జవాబు తయారు చేయమని కూర్చోబెట్టారట, కదిలే వీల్లేదట. "హైమా జీ, ఆప్ తో ఉధర్ హీ హైఁ, అటే ఉన్నారుగా. నా తనిఖీ కూడా చేసేయండి, ప్లీజ్." మయూర్ విహార్ నా ఇల్లున్న పేటే. ఎలాగూ దారే కదా అని వెళ్లాను.

ఈ ఇంటిని నడిపేది మాస్టర్‌జీ అనే ఆయన. గుమ్మంలో పూలదండ పట్టుకుని రావత్ కోసం ఎదురుచూస్తున్నాడు. మనిషి మారాడని చెబితే ఆయనకేం అనుమానం రాలేదు, దండ నా మెడలో పడింది. పొద్దున ఏ ఇంటికి వెళ్లివచ్చానో ఆయనకు తెలియదు కదా. మళ్లీ అదే హాలు, వరసగా మంచాలు, తెల్లటి దుప్పట్లు, వాటి మీద అవే మడత గీతలు. ముసలమ్మలు నేల మీద.

చివరి మంచం దగ్గర ఇత్తడి కమ్మలు.

కళ్లు నలుపుకుని చూశాను. అప్పలనరసమ్మే! ఆమె పక్కన, పొద్దున నోయిడాలో నన్ను చూసి దణ్ణం పెట్టిన గూని ముసలమ్మ. ఆమె పక్కన కంటికి పచ్చటి గుడ్డ కట్టుకున్న ఇంకొకామె. అందరూ వాళ్లే. నేను ఏదో తినేసి, రైలెక్కి వచ్చేలోపు హాలు హాలంతా నోయిడా దాటి వచ్చి కూర్చుంది.

"ఈమె పాపం, మూగ..." అంటున్నాడు మాస్టర్‌జీ.

"ఓలమ్మా! నువ్వూ ఒచ్చీసినావేటి?" అని అప్పలనరసమ్మ లేచి నిలబడింది. మొహమంతా వెలుగు. "పొద్దున్న అక్కడ సేసినావు, మద్దేనం ఇక్కడానా? నీకూ రెండు పూట్లేనేటి? నీకెంతిస్తారు?"

ఆమె ఉద్దేశంలో నేనూ కిరాయికి వచ్చినదాన్నే. ముసలమ్మల వేషం వాళ్లది, ఆఫీసరమ్మ వేషం నాది. ఇద్దరినీ ఒకే బండివాడు తిప్పుతున్నాడనుకుంది.

"నువ్వేం పని చేస్తావమ్మా ఇక్కడ?" అన్నాను.

"కూకోడమే. బండి మీద తెస్తారు, బండి మీద దించీసి ఎల్లిపోతారు. బోజనం ఎడతారు, సేతిలో కొంత ఎడతారు. మంచం ఎక్కకూడదు, దుప్పటి నలక్కూడదు. నలిగితే ఆ దీదీ తిడతాది. అంతకన్నా కష్టమేటీ నేదు."

మాస్టర్‌జీకి తెలుగు రాకపోయినా నా మొహం చదవడం వచ్చింది. "మేడమ్, చాయ్?" అన్నాడు. ఆ దండ తీసి మంచం మీద పెట్టి బయటికి వచ్చేశాను. దండ బరువుకు దుప్పటి నలిగింది కాబోలు, ఎవరో గబగబా సర్దిన చప్పుడు వినబడింది.

కాగితం పక్కా

మర్నాడు మా జాయింట్ సెక్రటరీ మల్హోత్రా గారి గదికి వెళ్లాను. మంచి మనిషే. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆయన శ్రీమతి గారు దీదీ సంస్థ వార్షికోత్సవాలకు ముఖ్య అతిథి. జరిగిందంతా చెప్పాను. ఆయన కుర్చీలోంచి ఎగిరిపడతారనుకున్నాను.

"హైమా జీ, కాగజ్ తో పూరా హై నా? కాగితాలన్నీ ఉన్నాయిగా?" అన్నారు తాపీగా. "ఆడిట్ అయింది. ఫొటోలున్నాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్లను ఒక పూట కూర్చోబెట్టి ఉంటారు. అందరూ చేసేదే."

అందరూ చేసేదేనట! అంతకు ముందురోజు చూసినదానికన్నా ఈ మాటకు ఎక్కువ అదిరిపోయాను. అంటే ఈయనకు తెలుసు. ఈయనకు ముందున్నాయనకు తెలుసు. దండలు వేసుకున్న మెడలన్నిటికీ తెలుసు. నేనొక్కదాన్నే కొత్తగా బెదిరిపోతున్నాను.

స్నిగ్ధా, ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకో. బయటి సంస్థ చేత పని చేయించుకోవడం ఒకటి, ఆ సంస్థనే పోషించడం ఇంకొకటి. మొదటిది చేస్తున్నామనుకుంటూ రెండోదానిలోకి జారిపోతాం. సంస్థ మనల్ని పొగుడుతూ సభ పెడుతుంది, ఆ సభకు మనమే డబ్బిస్తాం. ఆ సభలో సంస్థకు ఇంకా ఎక్కువ ఇవ్వాలని తీర్మానం చేస్తారు, దానికి మనమే చప్పట్లు కొడతాం. జనం సొమ్ము అలా గుండ్రంగా తిరిగి మన మెడలోకే దండగా వస్తుంది. మంచి పని చేసే సంస్థలు లేవనను. నేను చూశాను. వాళ్లు దండలు కొనరు, బకెట్లు కొంటారు.

ఆ రోజు మల్హోత్రా గారితో, "సర్, మీరు సరేనన్నా కాదన్నా నేను చూసింది ఫైలు మీద రాస్తాను" అన్నాను. ఫైలెక్కిన ముక్కను చెరపడం మా దగ్గర ఎవరి తరమూ కాదు. ఆయన కిటికీ వైపు తిరిగి, "లిఖియే. రాయండి" అన్నారు.

రెండు సంస్థల పేర్లు వేరు, కార్యవర్గాలు వేరు, నడిపేది ఒక్క కుటుంబమని విచారణలో తేలింది. దీదీకి మాస్టర్‌జీ స్వయానా మరిది. రెండింటికీ గ్రాంటు ఆగింది. కొత్త ఉత్తర్వు వచ్చింది. ముందు చెప్పకుండా తనిఖీ చేయాలి. సంస్థ కారు ఎక్కకూడదు, సంస్థ భోజనం తినకూడదు. సన్మానాలకు, సభలకు, ఇచ్చినవాళ్ల ప్రచారానికి గ్రాంటులోంచి పైసా ఖర్చు కాకూడదు. ఆ చిత్తు ప్రతి రాసింది నేనే. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనతో పాయసం చేయించుకుని మరీ తిన్నాను. అంత గర్వం నాకు!

"నిన్ను ఉంచినారేటి?"

కొన్నాళ్లకు ఒక సాయంత్రం మయూర్ విహార్‌లో మెట్రో మెట్లు దిగుతుంటే, జామకాయల బండి పక్కన కటకటాలకు ఆనుకుని ఎవరో చెయ్యి ఊపుతున్నారు. ఇత్తడి కమ్మలు.

"అమ్మా! తెనుగమ్మా! నౌకరీ పోనాదమ్మా. బండి రావడం మానీసినాది." అప్పలనరసమ్మ మొహం పీక్కుపోయి ఉంది. తనకు పోయినదానికన్నా నా గురించే ఎక్కువ ఆత్రం ఆమెకు. "నీకు ఉన్నాదా? నిన్ను ఉంచినారేటి?"

"ఉంచారమ్మా" అన్నాను.

"ఆఁ, మంచిదే. నువ్వు సదూకున్నదానివి" అంది.

జామకాయల బండివాడు అరుస్తున్నాడు, జనం తోసుకుపోతున్నారు, ఆమెను మెట్ల పక్కకు తీసుకెళ్లాను. నెమ్మదిగా అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. భర్త మెట్రో స్తంభాల పనికి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాడు. జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఊళ్లో ఇల్లు లేదు. యమున ఒడ్డున రేకుల గుడిసెలో ఇంకొందరు ఆడవాళ్లతో ఒక మూల పడుకుంటుంది. ఆ మూలకు అద్దె, బండి మీద వచ్చిన పైసలతోనే కట్టేది. ఇప్పుడు కట్టలేదు గనుక ఖాళీ చేయమంటున్నారు.

మల్హోత్రా గారు చెప్పినట్టు ఇరుగుపొరుగు ఆడమనిషి కానే కాదు ఈమె. దిక్కులేని ముసలామె వేషానికి నిజంగా దిక్కులేని ముసలామెను కుదుర్చుకున్నారు! ఏ మంచం కోసం ప్రభుత్వం డబ్బిచ్చిందో ఆ మంచం పక్కనే, నేల మీద, ఎక్కకూడదన్న షరతుతో కూర్చోబెట్టారు. నేను దొంగతనం ఆపానని పాయసం తింటుంటే, ఈమెకు ఆ నేల కూడా పోయింది.

ఇంటికి రమ్మన్నాను. "పనుంటే సెప్పు, ఒస్తాను. ఊరికే ఎందుకు?" అంది. డబ్బివ్వబోతే తీసుకోలేదు. జామకాయ కొనిస్తే తీసుకుంది.

మర్నాడు మళ్లీ మల్హోత్రా గారి గది. ఉత్తర్వులో ఒక వాక్యం చేర్చాలన్నాను. గ్రాంటు ఆపే ముందు, ఆ గ్రాంటు ఎవరి కోసమో ఆ మనుషులను వేరే చోటికి చేర్చాలి.

"కానీ హైమా జీ, అక్కడ ఎవరూ ఉండటం లేదని మీరే తేల్చారు. లేనివాళ్లను ఎక్కడికి చేరుస్తాం?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఆఫీసు భాషలో అది సబబైన ప్రశ్నే. ఆశ్రమంలో ఉన్నట్టు కాగితం మీద ఉన్నంతకాలం ఆమెకు ఇల్లు అక్కర్లేదు. ఉండటం లేదని కాగితం మీద తేలాక ఆమే లేదు.

"అక్కడ లేరు సర్. ఎక్కడా లేరు. ఆమె ఊరికే వచ్చి కూర్చున్న మనిషి కాదు, నిజంగానే బేసహారా, దిక్కులేని మనిషి" అని మెట్రో దగ్గర విన్నదంతా చెప్పాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "రుకియే, ఆగండి. అంటే... ఆవిడ కోసం మనమిచ్చిన డబ్బుతో, ఆవిడనే కిరాయికి తెచ్చారా?"

"అవును సర్."

ఎన్నేళ్లు పనిచేశానో ఆయన కింద, ఆ మనిషి మొహం అలా పాలిపోవడం అదొక్కసారే చూశాను. "హే రామ్" అన్నారు మెల్లగా. అందరూ చేసేదే అని ఆ తర్వాత మా సెక్షన్‌లో ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఆ వాక్యం ఉత్తర్వులో చేరింది. నా ఉద్యోగం మొత్తంలో నేను రాసినవాటిలో పనికొచ్చింది అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను.

బండి రాని సాయంత్రం

ఆ ముసలమ్మలను వెతికి పట్టుకోవడానికి నానా తంటాలు పడ్డాం. కొందరు దొరకనే లేదు. కంటికి పచ్చగుడ్డ కట్టుకున్నామె ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. అప్పలనరసమ్మ దొరికింది, మెట్రో దగ్గరే కాబట్టి. ఢిల్లీలోనే ఇంకో మూల ఉన్న ఆశ్రమంలో చోటు కుదిరింది. అదీ బయటి సంస్థదే, మా గ్రాంటుతో నడిచేదే. చెప్పకుండా వెళ్లి చూసొచ్చాను ముందు. రంగు వెలిసిన గోడలు, చెవి విరిగిన బకెట్లు. బాత్‌రూమ్ నేల తడి, తీగ మీద చీరలు, గూట్లో అరిగిపోయిన సబ్బు ముక్కలు, ఒక దువ్వెనకు చిక్కుకున్న నెరిసిన వెంట్రుకలు. సక్సేనా గారు ఉండి ఉంటే మఫ్లర్ తీసేవారు.

ఆమెను నేనే దిగబెట్టాను. గది చూపించారు, మంచం చూపించారు. ఆమె మూట పక్కన పెట్టుకుని, మంచం పక్కన నేల మీద కూర్చుంది. వార్డెన్‌తో మాట్లాడి, నేను వెళ్లిపోయే ముందు చెబుదామని వెనక్కి వచ్చేసరికి గదిలో లేదు. గేటు దగ్గర నిలబడి ఉంది, చంకలో మూట, చేతిలో చెప్పులు.

"ఇక్కడెందుకు నిలబడ్డావమ్మా?"

"పొద్దు గుంకిపోనాది గదా. బండి ఇంకా రానేదేటి?"

"బండి రాదమ్మా. ఇక రాదు. నువ్వు ఇక్కడే ఉంటావు" అన్నాను.

ఆమె నన్ను, ఆ ఇంటిని మార్చి మార్చి చూసింది. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. మంచం మీది దుప్పటి పాతది, ఉతికి ఉతికి మెత్తబడినది. దాన్ని వేలి కొసతో తాకి, గుమ్మంలో ఉన్న వార్డెన్ వైపు భయంగా చూసి, నా చెవి దగ్గరకు వంగింది.

"నలిగితే ఏటీ అనరా?"

"ఏమీ అనరు. నలగనీ" అన్నాను.

అప్పుడు ఎక్కి పడుకుంది, చెప్పులు చేత్తో పట్టుకునే.